అపర అన్నపూర్ణ డొక్కా సీతమ్మ

గోదావరి నది ధవళేశ్వరం దాటిన పిమ్మట పాయలుగా చీలి సముద్రాన్ని చేరుతుంది. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఏర్పడిన పచ్చని నేలకే కోనసీమ అని పేరు. వసిష్ఠ నుండి విడివడిన వైనతేయ పాయ ఈ సీమను మరల చీల్చుకొంటూ పోతుంది. ఆ పరిసరాలలోని లంక గ్రామాలలో ఒకటి లంకల గన్నవరం. అక్కడ కోట లేదు, రాజాస్థానం లేదు, పేరొందిన పుణ్యక్షేత్రమూ లేదు. అయినా పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో ఆ ఊరి పేరు గోదావరి మండలమంతటా వినిపించింది. అందుకు కారణం ఒక ఇల్లాలి వంటిల్లు.

నేడు రావులపాలెం నుండి బయలుదేరిన బస్సు వంతెనల మీదుగా సాగి కొద్ది గంటలలోనే కోనసీమను చుట్టి వస్తుంది. నూట యాభై ఏళ్ళ నాడు పరిస్థితి అది కాదు. ఒక ఊరి నుండి మరొక ఊరికి పోవాలంటే ఏదో ఒక రేవు దాటవలసిందే. పడవ దొరకకపోతే ఆ పూటకు అక్కడే ఆగిపోవాలి. వానకాలంలో వరద వస్తే ఎన్ని రోజులు ఆగాలో ఎవరికీ తెలియదు. ఎడ్లబండ్ల మీద పోయేవారు, కాలినడకన పోయేవారు, పిల్లలను చంకన వేసుకొన్న తల్లులు, అంతర్వేది తీర్థానికి పోయే యాత్రికులు - అందరికీ దారిలో పొద్దు గుంకేది. పట్టణాలలో పూటకూళ్ళ ఇండ్లు ఉండేవి. పల్లెలలో అవీ లేవు. ఆకలి వేళ ఎవరి గడప తొక్కాలన్నది బాటసారికి నిజమైన చిక్కు. లంకల గన్నవరం దరిదాపులకు వచ్చినవారికి మాత్రం ఆ చిక్కు లేదు.

సీతమ్మ 1841వ సంవత్సరంలో మండపేటలో జన్మించింది. తల్లి నరసమ్మ, తండ్రి అనుపిండి భవానీశంకరం. వచ్చినవారికెల్లా అన్నం పెట్టే అలవాటు ఉండటం వల్ల ఊరివారు ఆయనను బువ్వన్న అని పిలిచేవారు. పెట్టిన పేరు మరుగున పడి, పెట్టిన అన్నం పేరుగా నిలిచిందన్నమాట. ఆ కాలాన్ని కూడా కొంత గుర్తుంచుకోవాలి. ఆమె పుట్టుకకు ఎనిమిదేళ్ళ ముందు తెలుగునాట నందన కరువు వచ్చింది. దానినే జనం డొక్కల కరువు అన్నారు. 1839లో తుపాను కోరంగి రేవును ముంచివేసింది. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైన 1847 నాటికి సీతమ్మకు ఆరేళ్ళు, అది ముగిసిన 1852 నాటికి పదకొండేళ్ళు. అంటే ఆమె పెరిగిన ఇంట పెద్దలందరూ ఆకలిచావులను కన్నవారో విన్నవారో అయి ఉంటారు. బువ్వన్న అన్నం విలువ ఎందుకు తెలిసినవాడో దీనిని బట్టి ఊహించవచ్చు.

ఆడపిల్లలను బడికి పంపే ఆచారం అప్పట్లో లేదు. సీతమ్మ చదువు ఇంట్లోనే సాగింది. పెద్దలు చెప్పే పురాణ కథలు, పాటలు, ముగ్గులు, వంట - ఇవే ఆమెకు పాఠాలు. చిన్నతనంలోనే తల్లి మరణించడంతో ఇంటి బరువు ఆ బాలిక మీదనే పడింది. తండ్రి వెంటబెట్టుకొని వచ్చే అతిథులకు విసుగు లేకుండా వడ్డించడం ఆమె ఆ వయసులోనే నేర్చుకొంది.

ఆమె వివాహం జరిగిన తీరు కూడా ఈ వడ్డనతో ముడిపడినదే అని చెబుతారు. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న వేదవిద్య నేర్చినవాడు, భూవసతి గలవాడు. ఒకమారు ప్రయాణంలో పొద్దుపోయి భవానీశంకరం ఇంట అతిథిగా దిగాడు. వేళ కాని వేళ వచ్చిన తనకు ఆ ఇంటి బాలిక శ్రద్ధతో భోజనం ఏర్పాటు చేయడం చూసి, ఆమెను ఇల్లాలిగా చేసుకోవాలని తలచాడట. అట్లా మండపేట బువ్వన్న కూతురు గన్నవరం డొక్కావారి కోడలు అయింది. రెక్కాడితేగాని డొక్కాడదని సామెత. రెక్కలాడని వారి డొక్కలు కూడా నింపిన ఇల్లాలికి ఆ ఇంటిపేరే రావడం కాకతాళీయమే అయినా, తెలుగు తెలిసినవారికి ఒక చిరునవ్వు తెప్పించక మానదు.

అన్నదానం మనకు కొత్త విషయం కాదు. అతిథిని దేవుడిగా భావించాలని ప్రతి ఇంటా చెప్పుకొన్నారు. మన ప్రబంధ కవులు ఆ గుణాన్ని ఎంతో ముచ్చటగా వర్ణించారు. మనుచరిత్రలో ప్రవరుని ఇల్లాలు అర్ధరాత్రి వచ్చిన అతిథికైనా వండి పెట్టగలదని పెద్దన పేర్కొన్నాడు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఇంట వానకాలంలో తడిసిన కట్టెలు మండకపోతే కొబ్బరి చిప్పలు పొయ్యిలో పెట్టి అతిథులకు వండించినట్లు శ్రీకృష్ణదేవరాయలు చిత్రించాడు. కోనసీమ వంటింటిని చూసి రాసినట్లే ఉంటుంది ఆ ఘట్టం. అయితే ఒక మాట చెప్పక తప్పదు. ప్రవరుని ఇల్లాలికి కావ్యంలో దక్కిన చోటు చాలా తక్కువ. వండిన చేతిని తలచుకొని మన సాహిత్యం త్వరగా ముందుకు సాగిపోయింది. సీతమ్మ కథలో ఆ చేతిదే ప్రధాన పాత్ర.

మరి అందరూ చేసే పనినే చేసిన సీతమ్మలో వేరుగా కనిపించేది ఏమిటి? ఆనాటి అన్నదానానికి హద్దులు ఉండేవి. పర్వదినాలలో పెట్టేవారు, శుభకార్యాలలో పెట్టేవారు. సత్రాలకు వేళలు ఉండేవి. అన్నిటికంటే ముఖ్యంగా కులాన్ని బట్టి పంక్తులు ఉండేవి. చాలా సత్రాలలో అన్నం ఒక వర్ణానికే పరిమితం. దాత కోరుకొనే పుణ్యం ఎక్కువ, చూసే ఆకలి తక్కువ. సీతమ్మ ఈ హద్దులను పాటించలేదు. ఆమె ఇంట తిథి వార నక్షత్రాల ప్రసక్తి లేదు. పగలు రాత్రి అన్న భేదం లేదు. వచ్చినవాడు ఏ కులంవాడని, ఏ మతంవాడని అడగకముందే పొయ్యి రాజేయడం ఆమె పద్ధతి. మడి, ఆచారం పట్టింపుగా సాగే ఒక వైదిక కుటుంబపు కోడలు ఈ విధంగా నడుచుకోవడం ఎంత కష్టమో నేటి విద్యార్థులకు వెంటనే తోచకపోవచ్చు. ఒక్క రోజు అట్లా చేస్తే మెచ్చుకొనేవారు ఉంటారు. ఏళ్ళ తరబడి చేస్తే మాటలు పుడతాయి.

ఇక్కడ మనం ఆమెను లేనిపోని వేషంలో చూడకూడదు. ఆమె సంఘసంస్కర్త కాదు. అదే మండలంలో, ఆమె కంటే ఏడేళ్ళు చిన్నవాడైన కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించాడు. ఆయన వ్యాసాలు రాశాడు, సభలలో ప్రసంగించాడు, ఆచారాలను పేరు పెట్టి ఖండించాడు. సీతమ్మ ఏ ఆచారాన్నీ ఖండించలేదు. ఉపన్యాసం ఇవ్వలేదు, ఒక్క పుస్తకమూ రాయలేదు. తన ఇంటి ఆచారాలను తాను పాటిస్తూనే, ఆకలిగొన్నవాడికీ విస్తరికీ నడుమ వాటిని అడ్డు రానివ్వలేదు. ఆమె మార్గం ఆమెది. ఆమెను వీరేశలింగంతో తూచి ఎక్కువ తక్కువలు నిర్ణయించడం నాకు ఇష్టం లేదు. గోదావరి ఒక్కటే అయినా పాయలు వేరు.

ఆమె వంటింటి పని ఎంతటిదో కొంచెం ఆలోచించండి. నేటి మాదిరి గ్యాసు పొయ్యి లేదు, మర బియ్యం లేవు. వడ్లు దంచాలి, పప్పు విసరాలి, నూతి నీరు చేదాలి, కట్టెలు ఎండబెట్టి దాచాలి. తడి నేల కావడం వల్ల కోనసీమలో ఎండు కట్టెను కాపాడుకోవడమే ఒక పని. గుండిగల కొద్దీ అన్నం వండి వార్చిన తరువాత మరో పదిమంది వాకిట నిలబడితే మళ్ళీ ఎసరు పెట్టాలి. బాలింతలకు పథ్యం వేరు, పసిపిల్లలకు పాలు వేరు, ముసలివారికి మెత్తని అన్నం వేరు. ఎవరి అవసరం వారికి తీర్చాలి. చేసిన పనిని లెక్క చెప్పవలసిన యజమాని లేడు. పని మానేస్తే నిలదీసేవాడూ లేడు. అటువంటి పనిని ఒక మనిషి దశాబ్దాల తరబడి కొనసాగించిందంటే, అది ఆమెకు మోయవలసిన బరువుగా కాక, తన స్వభావంగానే ఉండి ఉండాలి.

సీతమ్మ జీవితంలో ప్రజలు మరీ మరీ చెప్పుకొనే ఘట్టం అంతర్వేది ప్రయాణం. వసిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోట లక్ష్మీనరసింహస్వామి వెలసిన క్షేత్రం అంతర్వేది. మాఘమాసంలో భీష్మ ఏకాదశి నాడు అక్కడ రథోత్సవం జరుగుతుంది. కోనసీమలో పుట్టి ఆ తీర్థం చూడనివారు అరుదు. ఇంటికి వచ్చిన యాత్రికులకు అన్నం పెట్టి అంతర్వేదికి సాగనంపే సీతమ్మ మాత్రం ఆ స్వామిని దర్శించలేదు. పొయ్యి విడిచి కదిలే వీలు ఆమెకు ఏనాడూ చిక్కలేదు. ఎట్టకేలకు ఒకనాడు ఏర్పాట్లన్నీ చేసుకొని పల్లకిలో బయలుదేరింది. కొంత దూరం పోయాక బోయీలు అలసట తీర్చుకోవడానికి పల్లకి దించారు. అదే చోట ఎదురుదారిన వస్తున్న ఒక పెద్ద కుటుంబం కూడా ఆగింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఇంకొంచెం ఓర్చుకొంటే గన్నవరం చేరుతామనీ, అక్కడ సీతమ్మ తల్లి ఇంట కడుపు నిండా తినవచ్చుననీ పెద్దలు వారిని ఓదారుస్తున్నారు. ఆ మాటలు పల్లకిలో ఉన్న సీతమ్మ చెవిన పడ్డాయి.

ఆమె పల్లకిని వెనుకకు తిప్పమంది. ఇంత దూరం వచ్చాక దర్శనం చేసుకోకుండా మరలడం అపచారమని వెంట ఉన్నవారు నచ్చజెప్పారు. ఆమె వినలేదు. ఆ కుటుంబం కంటే ముందుగా ఇల్లు చేరుకొని, పొయ్యి వెలిగించి, వారు వచ్చేసరికి విస్తళ్ళు వేయించింది. తాము ఓదార్పుగా చెప్పిన మాట విని ఆ తల్లి తీర్థయాత్ర మానుకొన్నదని వారికి తెలిసిందో లేదో కథ చెప్పదు. తెలియకపోతేనే బాగుంటుందని నాకు అనిపిస్తుంది.

ఈ ఘట్టాన్ని భక్తికీ సేవకూ పోటీగా కొందరు వ్యాఖ్యానిస్తారు. అది సరికాదు. సీతమ్మకు దైవభక్తి తక్కువై వెనుదిరగలేదు. దర్శనం పుణ్యమని లోకం నమ్మింది, ఆమె కూడా నమ్మింది. అందరూ పోయే చోటికి తానూ పోవాలని ఆశపడింది. కాని ఆ పిల్లల ఏడుపు విన్న క్షణంలో తాను ఎవరో ఆమెకు గుర్తుకు వచ్చింది. లోకం దృష్టిలో ఏది గొప్ప అన్న ప్రశ్న అప్పుడు వెనుకబడింది. తాను లేని ఆ ఇంటికి ఆకలితో కొందరు వస్తున్నారన్న సంగతి ముందుకు వచ్చింది.

ఇంకొక కథ వరదల నాటిది. గోదావరి పొంగి లంకలు మునిగిన ఒక రాత్రి, నది అవతల చిక్కుకొన్నవారెవరో ఆకలితో పెట్టిన కేక ఆ ఇంటికి వినిపించిందట. ఆ చీకటిలో, ఆ వరదలో ఏరు దాటడం ప్రాణాలతో చెలగాటం. సీతమ్మ అన్నం వండి కట్టింది. జోగన్న దానిని పడవలో తీసుకొని పోయి, ఆకలిగొన్నవారికి అందించి వచ్చాడని చెప్పుకొంటారు. ఇటువంటి కథలు చెప్పేవారి నోట పెరుగుతాయి నిజమే. కాని పెరగడానికైనా ఒక విత్తనం ఉండాలి కదా! ఇందులో జోగన్నను మరువకూడదు. ఆస్తి ఆయనది. ఊరి మాటలు మొదట తగిలేది ఆయనకే. భార్య స్వభావాన్ని మార్చాలని ఆయన ప్రయత్నించలేదు. ఆ కాలపు భర్తలలో ఆ గుణం అంత సులభంగా కనిపించేది కాదు.

ఖర్చు మాట కూడా చెప్పాలి. పొలం పండినంత కాలం గాదెలు నిండేవి. కాని వరద వచ్చిన ఏడు, పంట పోయిన ఏడు కూడా వాకిట జనం తగ్గరు, నిజానికి పెరుగుతారు. పెట్టే చేయి ఆగకపోవడంతో ఆస్తి కరిగింది. కష్టకాలంలో పొలం దున్నుతుండగా బంగారు నాణేల బిందె దొరికిందని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ అందమైనదే. అయితే లంకెబిందె సాయం లేకుండానే సీతమ్మ గొప్పతనం నిలుస్తుంది. ఇల్లు గడవదని తెలిసిన రోజున కూడా, వచ్చినవాడిని రేపు రమ్మనకపోవడమే ఆమె విషయంలో నిజమైన ఆశ్చర్యం.

తమిళనాడులోని వడలూరులో రామలింగస్వామి 1867లో ధర్మశాల స్థాపించి ఆకలిగొన్నవారికి అన్నం పెట్టే ఏర్పాటు చేశాడు. ఆ సంస్థ నేటికీ నడుస్తూ ఉంది. సీతమ్మది సంస్థ కాదు, ఇల్లు. నియమావళి లేదు, చందాలు లేవు, నిర్వాహకులు లేరు. ఆమె తానే సత్రం. ఇందులో ఒక గొప్పతనమూ ఉంది, ఒక లోటూ ఉంది. మనిషి మీదనే నిలిచిన పని ఆ మనిషి ఆయువుతో ముడిపడి ఉంటుంది.

ఆమె పేరు జిల్లా అధికారుల ద్వారా ప్రభుత్వానికి చేరింది. ఏడవ ఎడ్వర్డు 1902లో లండనులో పట్టాభిషిక్తుడైన సందర్భంగా, 1903 జనవరి 1న ఢిల్లీలో గొప్ప దర్బారు జరిగింది. చక్రవర్తి స్వయంగా రాలేదు. ఆయన తరఫున సోదరుడు హాజరయ్యాడు, వైస్రాయి కర్జను ఆ వేడుకను నిర్వహించాడు. సంస్థానాధీశులు ఏనుగుల మీద ఊరేగిన ఆ ఉత్సవాల సమయంలోనే గన్నవరంలోని ఈ ఇల్లాలి దానగుణానికి ప్రభుత్వ గౌరవం లభించింది. ఆ వేడుకకు రమ్మని పిలుపు వస్తే ఆమె అంగీకరించలేదనీ, పేరు కోసం తాను అన్నం పెట్టడం లేదని చెప్పిందనీ అంటారు. అప్పుడు కనీసం ఆమె ఛాయాచిత్రమైనా పంపాలని అధికారికి ఉత్తర్వు వచ్చిందట. ఫోటో తీయించుకోవడానికి కూడా ఆమె ఒప్పుకోలేదు. ఉత్తర్వు నెరవేరకపోతే తన ఉద్యోగం పోతుందని ఆ అధికారి వేడుకోగా, ఒకరి కూడు పోవడానికి తాను కారణం కాకూడదని మాత్రమే ఆమె కెమెరా ముందు కూర్చుందని ఆ ప్రాంతపు పెద్దలు చెబుతారు. నేడు మనం చూసే ఆమె చిత్రం వెనుక ఉన్న కథ ఇది. కథలో ఎంత చేర్పు ఉన్నా, దానిని చెప్పుకొన్న జనం ఆమె మనసును సరిగానే పట్టుకొన్నారు. చక్రవర్తి పిలుపుకు కదలని మనిషి ఒక చిరుద్యోగి జీతానికి కదిలింది.

ఆమెకు ఢిల్లీ తెలియదు. ఆంగ్లం తెలియదు. మర్యాదలు, బిరుదులు, దర్బారు కుర్చీలు ఆమె లోకంలోనివి కావు. వాటిని కాదన్నందుకు గర్వపడినట్లు గాని, వాటి గురించి ఎవరికైనా చెప్పుకొన్నట్లు గాని ఎక్కడా వినిపించదు. మరునాడు కూడా గన్నవరంలో ఎవరో ఒకరు వాకిట నిలబడి ఉంటారు కదా!

సీతమ్మ 1909లో కన్నుమూసింది. గన్నవరం వద్ద వైనతేయ మీద ఆంగ్లేయ ఇంజనీర్లు 1850ల నాటికే ఒక అక్విడక్టును కట్టారు. నది మీదుగా కాలువ నీటిని అవతలి పొలాలకు చేర్చే కట్టడం అది. అది పాతబడిన తరువాత నిర్మించిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరునే ఎంచుకొంది. 2025 జనవరిలో ఆ భోజనం ప్రభుత్వ జూనియర్ కళాశాలల విద్యార్థులకు కూడా అందింది. పొరుగూళ్ళ నుండి ఉదయమే బయలుదేరి, ఇంట్లో ఏమీ తినకుండా తరగతికి వచ్చిన పిల్లలు మధ్యాహ్నం గంట కొట్టగానే ఆ వరుసలో నిలబడతారు. వారిలో కొందరికి పళ్ళెంలోని అన్నం ఎవరి పేరున వస్తున్నదో తెలుసు, కొందరికి తెలియదు. సీతమ్మ ఇంట కూడా వచ్చినవారి పేర్లు ఎవరూ అడగలేదు.